ఫైర్‌మ్యాన్‌కి జేబు చాకు కానుకగా ఇవ్వాలంటే ఎలా ఎంచుకోవాలి?

మా బావ ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మ్యాన్. ఆయనకి ప్రమోషన్ వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో చూసి నల్లగా నిగనిగలాడే మడత చాకు ఒకటి కొనిచ్చాను. రెండు నెలలు కూడా కాలేదు. ఒక ఊళ్లో గడ్డివాము అంటుకుంటే వెళ్లి, పక్కనున్న పశువుల పలుపుతాళ్లు కోస్తున్నప్పుడు చాకు లాక్ జారింది. బ్లేడు మడుచుకుని వచ్చి చూపుడు వేలి మీద పడింది. నాలుగు కుట్లు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "చాకు బాగానే ఉందిరా, మా పనికి సరిపోయేది కాదు, అంతే" అన్నాడు.

రెండోసారి కొనే ముందు ఆయన స్టేషన్‌కి వెళ్లి కూర్చున్నాను. వాళ్లు చాకుని ఎప్పుడు తీస్తారు, ఎలా పట్టుకుంటారు, ఎక్కడ పెట్టుకుంటారు అని అడిగి, దగ్గరుండి చూశాను. ఆ తర్వాత కొన్నది ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంది. మీ ఇంట్లో, మీ స్నేహితుల్లో ఎవరైనా ఫైర్ సర్వీసులో ఉండి, వాళ్లకి చాకు ఇవ్వాలనుకుంటే, నాకు తెలిసింది వరసగా చెప్తాను.

ముందు వాళ్ల పని తెలుసుకోండి

ఫైర్ స్టేషన్ అనగానే మనకి మంటలే గుర్తొస్తాయి. కానీ 101కి వచ్చే పిలుపుల్లో బావిలో పడ్డ ఆవులుంటాయి, నుజ్జయిన కారులో ఇరుక్కున్న మనుషులుంటారు, వరదలో చిక్కుకున్న కుటుంబాలుంటాయి, సంక్రాంతి రోజుల్లో మాంజాకి చిక్కి చెట్టు మీద వేలాడే పక్షులుంటాయి. చాకుతో నేరుగా మంటల్లో పనేమీ ఉండదు. మంట చుట్టూ, మంట తర్వాత ఉంటుంది పని. గోనె సంచి చీల్చడం, తాడు కోయడం, సీటు బెల్టు తెంపడం, గాయపడ్డ మనిషి ఒంటి మీది బట్ట కోసి తీయడం, టార్పాలిన్ కట్లు విప్పడం, ఇలాంటివన్నమాట.

కాబట్టి ఆయన పనిచేసేది ఎక్కడో చూడండి. హైవే పక్కన స్టేషన్ అయితే రోడ్డు ప్రమాదాలు ఎక్కువ. అక్కడ సీటు బెల్టు, కారు అద్దం ముఖ్యం. పత్తి, మిర్చి పండే ప్రాంతమైతే జిన్నింగ్ మిల్లులు, గోదాములు, గడ్డివాములు. పత్తి బేల్ (గట్టిగా బిగించి కట్టిన పత్తి మూట) పైకి ఆరిపోయినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం రగులుతూనే ఉంటుంది. దాన్ని విప్పి, చీల్చి, తడపాలి. బేల్‌కి బిగించిన ఇనప పట్టీలు ఏ చాకుకీ తెగవు, వాటికి కట్టర్ కావాలి. పైన చుట్టిన గుడ్డకీ గోనెకీ మాత్రం చాకే దిక్కు. ఊళ్ల మధ్య స్టేషన్ అయితే తాళ్లు ఎక్కువ, అందులోనూ తడిసి బిగుసుకుపోయిన కొబ్బరి తాళ్లు, నైలాన్ తాళ్లు.

ఇవన్నీ ఆయన్నే అడిగితే కానుక సంగతి ముందే తెలిసిపోతుంది. ఇంట్లో వాళ్లనో, స్టేషన్‌లో తోటివాళ్లనో అడగండి. ఇప్పటికే చాకు ఉందా? ఉంటే అందులో ఆయనకి నచ్చనిదేంటి? ఎడమ చేతివాటమా, కుడి చేతివాటమా? డ్యూటీలో సొంత చాకు పెట్టుకోవడానికి వాళ్ల ఆఫీసర్ ఒప్పుకుంటారా? ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఇష్టంగా కొన్న వస్తువు బీరువాలో పడి ఉండటం ఇద్దరికీ బాధే.

మొన సంగతి

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. సూదిలా వాడిగా ఉన్న మొన చూసి ముచ్చటపడి కొన్నాను. ఫైర్‌మ్యాన్ చాకు చాలాసార్లు మనిషి ఒంటికి రెండు వేళ్ల దూరంలో పనిచేస్తుంది. తలకిందులైన కారులో పసిబిడ్డ ఛాతీ మీదుగా బిగుసుకున్న బెల్టుని ఊహించుకోండి. దాని కిందకి బ్లేడు దూర్చాలి, అదీ చీకట్లో, బిడ్డ గింజుకుంటుండగా. మొన వాడిగా ఉంటే బెల్టు కంటే ముందు బిడ్డకి తగులుతుంది.

అందుకే మొద్దుగా, గుండ్రంగా దిగిన మొన ఉన్న చాకు చూడండి. దీన్ని షీప్స్‌ఫుట్ అంటారు. వెన్ను వంగి అంచు మీదకి దిగుతుంది, పొడవడానికి ఏమీ మిగలదు. కోతకి మాత్రం అంచు మొత్తం తిన్నగా దొరుకుతుంది. పూర్తిగా గుండ్రటిది దొరక్కపోతే కొంచెం దించిన మొన ఉన్న డ్రాప్ పాయింట్ అయినా సరే. బాకులా రెండు వైపులా పదునున్నవి, పులిగోరులా వంగినవి, సినిమాల్లో కనిపించే రకాలు వద్దు.

బ్లేడు పొడవు మూడు నుంచి మూడున్నర అంగుళాలు చాలు. అంతకంటే పెద్దది జేబులో బరువు, ఇరుకు చోట్ల అడ్డం.

గ్లవ్స్ వేసుకుని తెరిచి చూడండి

కొట్లో చాకు చేతికి తీసుకున్నప్పుడు ఉత్త వేళ్లతో తెరిచి చూసి మురిసిపోతాం. ఆయన తెరిచేది మందపాటి తోలు గ్లవ్స్‌తో, లేదా నీళ్లతో నాని మొద్దుబారిన వేళ్లతో. ఒక చేత్తో తాడు పట్టుకునో, మనిషిని పట్టుకునో ఉంటాడు. తెరవడానికి మిగిలేది రెండో చెయ్యి ఒక్కటే.

వెల్డింగ్ పనివాళ్లు వాడే తోలు గ్లవ్స్ ఒక జత తీసుకెళ్లండి, హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతాయి. అవి వేసుకుని ఒంటి చేత్తో పదిసార్లు తెరిచి మూయండి. పదికి పదిసార్లూ తెరుచుకోవాలి. గోరు పెట్టి లాగే గాడి మాత్రమే ఉన్న చాకులు ఇక్కడే తప్పుకుంటాయి. గ్లవ్స్‌కి గోరు ఉండదు కదా. బ్లేడు మీద పెద్ద గుండ్రటి రంధ్రం ఉన్నవి గ్లవ్స్‌తో బాగా తెరుచుకుంటాయి. బొటనవేలితో నెట్టే గుబ్బ ఉన్నవైతే ఆ గుబ్బ పెద్దదిగా, రెండు వైపులా ఉండాలి. ఎడమచేతి వాళ్లకి అది మరీ అవసరం.

తర్వాత గ్లవ్స్ తీసి చేతికి సబ్బు నురగ రాసుకుని పిడి పట్టుకోండి. ఫైర్ వాళ్ల దగ్గర మంటలార్పే నురగ, అంటే ఫోమ్ ఉంటుంది, చేతులు ఇలాగే జారుతాయి. పిడి మీద గరుకు, వేళ్లు ఆనేందుకు గాడి, బ్లేడు వైపు జారకుండా చిన్న గట్టు ఉన్నాయో లేదో అప్పుడు తెలుస్తుంది. మెరిసే నున్నటి స్టీలు పిడి ఈ పరీక్షలో నిలవదు.

కొట్టువాడు విసుక్కుంటే ఎందుకు చూస్తున్నారో చెప్పండి. నేను చెప్పాక ఆ కొట్టాయనే ఇంకో మూడు చాకులు తీసి బల్ల మీద పెట్టాడు.

లాక్

బావ వేలు తెగింది దీనివల్లే, కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. మడత చాకు తెరిచాక, మనం లాక్ విప్పేదాకా బ్లేడు మూసుకోకూడదు. లైనర్ లాక్‌లో పిడి లోపలి రేకు ఒకటి స్ప్రింగులా వచ్చి బ్లేడు అడుగున నిలబడుతుంది. ఫ్రేమ్ లాక్‌లో పిడి సగమే ఆ పని చేస్తుంది. బ్యాక్ లాక్‌లో వెన్ను వైపున్న కడ్డీ బ్లేడు గాడిలో పడుతుంది. ఏ రకమైనా పనితనం బాగుంటే పర్వాలేదు. నేను మొదట కొన్నది లైనర్ లాకే. రేకు పల్చగా ఉండి, బ్లేడు అడుగున ఓ చివరకి మాత్రమే ఆనేది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

పరీక్ష ఇలా చేయండి. చాకు తెరిచి, లాక్ రేకు బ్లేడు అడుగున సరిగ్గా కూర్చుందో లేదో వెలుతుర్లో చూడండి. బ్లేడుని పక్కలకి, కిందికీ మీదికీ కదిపి చూడండి, కదలకూడదు. తర్వాత వేళ్లన్నీ బ్లేడు మూసుకునే దారిలో లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వెన్నుని చెక్క ముక్క మీద నెమ్మదిగా నాలుగైదు సార్లు తట్టండి. లాక్ కొంచెం జారినా ఆ చాకు పక్కన పెట్టేయండి. ధర తగ్గిస్తామన్నా వద్దు.

స్ప్రింగు బటన్ నొక్కితే టక్కున తెరుచుకునే రకం కొనకండి. జేబులో తెరుచుకుంటే ప్రమాదం. పైగా ఢిల్లీ లాంటి చోట్ల అలాంటి వాటి మీద ప్రత్యేక నిషేధం కూడా ఉంది.

అంచు, ఉక్కు

నున్నటి అంచు నూరుకోవడం తేలిక. రంపపు పళ్లున్న అంచు తడి తాడునీ, సీటు బెల్టునీ పట్టి కోస్తుంది, నున్నటి అంచు వాటి మీద జారుతుంది. కానీ పళ్లు మొద్దుబారితే మామూలు సానరాయి మీద పదును రాదు. సగం నున్నగా, పిడి దగ్గర సగం పళ్లతో ఉండేది ఫైర్ పనికి సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. తాడు పని ఎక్కువున్న స్టేషన్ అయితే మొత్తం పళ్లున్నదే తీసుకోండి.

ఉక్కు పేర్ల గురించి అంతగా టెన్షన్ పడొద్దు. నీళ్లు, బురద, ఫోమ్, చెమట, వీటన్నిటిలో తిరిగే చాకు కాబట్టి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. 420హెచ్‌సీ, 440సీ, 14సీ28ఎన్ లాంటివి పనికి చాలు, ఇంట్లో రాయి మీద పదును పెట్టుకోవచ్చు. సముద్రం పక్కన ఊళ్లలో పనిచేసేవాళ్లకైతే స్పైడర్కో కంపెనీ వాడుతూ వచ్చిన హెచ్1 లాంటి ఉక్కు చూడండి. అందులో కార్బన్ స్థానంలో నైట్రోజన్ ఎక్కువ పని చేస్తుంది, ఉప్పుగాలికి తుప్పు దాదాపు రాదు.

అద్దం పగలగొట్టే మొన

రెస్క్యూ చాకుల్లో పిడి చివర గట్టి కార్బైడ్ మొన ఒకటి ఉంటుంది. దాన్ని చూసి ఏ అద్దమైనా పగులుతుందనుకుంటాం. కారు ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. మొనతో కొడితే బీటలు వారుతుంది గానీ ఊడి రాదు, రంపంతో కోయాల్సిందే. పక్క అద్దాలు మామూలుగా టెంపర్డ్ గాజు. మూలలో ఒక్క పోటు పడితే గింజల్లా రాలిపోతాయి. ఈ మధ్య కొన్ని కార్లలో పక్క అద్దాలూ పొర వేసినవే వస్తున్నాయి. అమెరికాలో వాహనదారుల సంఘమైన ట్రిపుల్ ఏ 2019లో అద్దం పగలగొట్టే ఆరు పరికరాలతో పరీక్షించింది. వాటిలో నాలుగు టెంపర్డ్ గాజుని పగలగొట్టాయి, పొర గాజుని ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. సుత్తి రకం కంటే స్ప్రింగుతో మొన పొడిచే రకం మెరుగ్గా పనిచేసిందని కూడా ఆ పరీక్షలో తేలింది.

కాబట్టి మొన ఉంటే మంచిదే, దాని కోసం మిగతావి వదులుకోకండి. రంపం కూడా కావాలంటే విక్టోరినాక్స్ రెస్క్యూ టూల్ చూడండి. 111 మిల్లీమీటర్ల పొడవు, ఒంటి చేత్తో తెరుచుకునే గుండ్రటి మొన బ్లేడు, బెల్టు కోసే కొక్కెం, అద్దం మొన, పొర గాజు కోసే రంపం, చీకట్లో మెరిసే పసుపు పిడి, అన్నీ ఒక్కదాంట్లోనే ఉంటాయి. మా బావ జేబులో ఉన్నది ఇదే. బెంచ్‌మేడ్ ట్రయేజ్ కూడా ఈ పనికోసమే చేసింది, అందులో బెల్టు కొక్కెం విడిగా బయటికి తిరుగుతుంది. గెర్బర్ కంపెనీకి రెస్క్యూ చాకు గీసిచ్చిన రిక్ హిండరర్ స్వయంగా ఫైర్ సర్వీసులో పనిచేసిన మనిషి. ఇవన్నీ ఖరీదైనవే. మూడు వందలకి పాతిక పనిముట్లు అని ఆన్‌లైన్‌లో కనిపించేవాటి జోలికి మాత్రం వెళ్లకండి. అసలు కంపెనీ పేరుతో సగం ధరకి వచ్చేవీ నకిలీలే అయ్యుంటాయి.

బెల్టు కొక్కెం గురించి ఒక మాట. పదును లోపలి వైపే ఉంటుంది, వేలికి అంత తేలిగ్గా తగలదు. బెల్టుకి తగిలించి ఏటవాలుగా లాగితే చాలు. మీ ఆయనకో, తమ్ముడికో ఇప్పటికే మంచి చాకు ఉంటే, మరో చాకు బదులు ఇలాంటి కొక్కెం ఒక్కటే ఇచ్చినా మంచి కానుకే. లెదర్‌మన్ రాప్టర్ అనే మడత కత్తెర కూడా చూడొచ్చు. బట్టలు కోయడానికి కత్తెర, బెల్టు కొక్కెం, వాచిన వేలి నుంచి ఉంగరం కోసి తీసే కట్టర్, కార్బైడ్ మొన ఉంటాయి. మాంజా చుట్టుకున్న పక్షి రెక్క దగ్గర చాకు పెట్టాలంటే ఎంత నేర్పరికైనా చెయ్యి వణుకుతుంది. అక్కడ కత్తెరే మేలు.

కరెంటు వైర్లకి మాత్రం ఏ చాకూ వాడకూడదు. అది తెలియక కాదు, హడావుడిలో చెయ్యి దానిమీదకే పోతుంది. ఇన్సులేషన్ పిడి ఉన్న కట్టింగ్ ప్లయర్ కూడా కొనివ్వగలిగితే కలిపి ఇవ్వండి. పొగలో వేలాడే కేబుళ్లకి చిక్కుకున్నప్పుడు బయటపడేసేది అదే. కరెంటు ఆపిన తర్వాతే వాడాలన్నది వాళ్లకి శిక్షణలోనే చెప్తారు.

రంగు, క్లిప్పు

నల్ల చాకు అందంగా ఉంటుంది, నల్ల బురదలో పడితే దొరకదు. పసుపు, నారింజ, ఎరుపు రంగు పిడి తీసుకోండి. చివర తాడు కట్టుకునే రంధ్రం ఉండాలి. బావి మీదకి వంగి పనిచేసేటప్పుడు చాకు జారితే కింద మనుషులుంటారు. జేబుకి తగిలించే క్లిప్పు బిగుతుగా ఉండాలి, ఇటూ అటూ మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది.

చట్టం, ప్రయాణం

2016 ఆయుధ నియమాల్లో తొమ్మిది అంగుళాలకి మించిన పొడవు, లేదా రెండు అంగుళాలకి మించిన వెడల్పు ఉన్న కత్తుల గురించి చెప్పారు, ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసినవి తప్ప. మూడున్నర అంగుళాల చాకు ఆ కొలతలకి చాలా దూరం. అయినా డ్యూటీ లేని రోజున దాన్ని జేబులో వేసుకుని సభలకి, సినిమా హాళ్లకి వెళ్లొద్దని చెప్పండి.

అమెరికా నుంచో, దుబాయ్ నుంచో వస్తున్న చుట్టాలతో తెప్పిస్తుంటే, చెకిన్ బ్యాగులోనే పెట్టమని రెండుసార్లు గుర్తు చేయండి. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. బిల్లు కూడా దాచి ఉంచమనండి.

ఇచ్చే ముందు ఒకసారి వాడి చూడండి

పెట్టెలోంచి తీసినట్టే ఇవ్వకండి. పాత కార్ల షెడ్డులో అడిగితే వాడేసిన సీటు బెల్టు ముక్క ఇస్తారు. దాన్ని ఎవరితోనైనా రెండు వైపులా లాగి పట్టించి, మీ నుంచి బయటి వైపుకి కోయండి. బిగువుగా ఉన్న బెల్టు ఒక్క లాగుకి తెగాలి. కొబ్బరి తాడు ఒకటి, నైలాన్ తాడు ఒకటి నీళ్లలో నానబెట్టి కోయండి. తర్వాత మళ్లీ లాక్ చూడండి. ఏదైనా తేడా ఉంటే వాపసు ఇచ్చే గడువులోపే తెలిసిపోతుంది.

స్టేషన్‌లో పనిముట్లు ఒకరివి ఒకరికి మారిపోతుంటాయి. పిడి మీద తెలుగులో పేరు చెక్కించండి. బ్లేడు మీద వద్దు, గీతల్లో తడి నిలుస్తుంది.

చాకుతో పాటు చిన్న సానరాయి, చిన్న సీసాలో మిషన్ నూనె కూడా పెట్టండి. పని నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేస్తే చాలు. వీధిలో సైకిల్ చక్రం తొక్కుతూ సానపట్టేవాళ్ల దగ్గర మాత్రం ఈ చాకు పెట్టించొద్దని చెప్పండి. నిప్పురవ్వలు రాలేలా పట్టే ఆ సానకి పల్చటి అంచు వేడెక్కుతుంది. నీలం రంగు తేలిందంటే ఉక్కులో గట్టిదనం పోయినట్టే, ఇక పదును నిలవదు. కూరగాయల కత్తికి పర్వాలేదు, దీనికి కాదు.

ఇచ్చే రోజు

పుట్టినరోజో, ప్రమోషనో లేకపోతే ఏప్రిల్ 14న ఇవ్వండి. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుంది. అందులో పత్తి బేళ్లూ, పేలుడు పదార్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆర్పడానికి వెళ్లిన 66 మంది ఫైర్ సిబ్బంది ఆ పేలుళ్లలో చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఆ రోజు ఫైర్ సర్వీస్ డే, 20వ తేదీ దాకా వారోత్సవాలు. ఆ వారంలో స్టేషన్‌కి వెళ్తే పరికరాలు చూపిస్తారు, పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు. పత్తి మిల్లుల మధ్య పనిచేసే మా బావకి ఆ ఓడ కథ వేరే చెప్పనక్కర్లేదు.

మన ఇళ్లలో కత్తి, కత్తెర, ఉప్పు చేతికి చేయి ఇవ్వరు. పళ్లెంలో పెట్టో, కింద పెట్టో తీసుకోమంటారు. కత్తి కానుకగా ఇస్తే బంధం తెగుతుందని భయపడే పెద్దవాళ్లుంటే వాళ్ల మాట కొట్టేయకండి. ఒక్క రూపాయి తీసుకుంటే అమ్మినట్టవుతుంది, ఇచ్చినట్టు కాదు. రెండోసారి మా అక్క అలాగే చేయించింది. చాకు పళ్లెంలో పెట్టాను, బావ రూపాయి బిళ్ల నా చేతిలో పెట్టి చాకు తీసుకున్నాడు. వెంటనే ఒంటి చేత్తో తెరిచి, లాక్ మీద బొటనవేలు ఆనించి చూశాడు.

నెల రోజులు గడిచాక ఆయన్ని ఒకసారి అడగండి. క్లిప్పు వదులైందా, గ్లవ్స్‌తో తెరుచుకుంటోందా, జేబులో బరువనిపిస్తోందా అని. మొహమాటపడతారు. పక్కన తోటివాళ్లు ఉన్నప్పుడు అడగండి, వాళ్లు చెప్పేస్తారు.